తాడుకు కింది కొస

కిందటి సంవత్సరం కళాశాల దినోత్సవం నాడు మమ్ములను పిలిచి విద్యార్థులతో నాలుగు మాటలు చెప్పమన్నారు. తాడు చుట్టను భుజాన వేసికొని వేదిక ఎక్కాము. చెప్పవలసినది చెప్పి దిగిన పిమ్మట ఇంటర్ చదివే కుర్రవాడొకడు దగ్గరకు వచ్చి, “సార్, కొండ ఎక్కడం సరే, మీ ఉద్యోగమేమిటి?” అని అడిగాడు. కొండ ఎక్కించడమే ఉద్యోగమని చెప్పాము. అతడు నమ్మలేదు. మర్యాదగా నవ్వి వెళ్ళిపోయాడు. సంచికకు వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు మాకు ఆ నవ్వే జ్ఞాపకం వచ్చింది. ఆ కుర్రవానికి నాడు చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ వ్రాస్తున్నాము.

ఈ వ్యాసంలో ‘మేము’ అన్న మాట గౌరవార్థం వాడినది కాదు. మేము నిజంగానే ఇద్దరము. ఒకరిది కర్నూలు పాతబస్తీ, మరొకరిది కడప. ఒకరి ఇంట ఉర్దూ, మరొకరి ఇంట తెలుగు. ఈ కళాశాలలో ఒకే బెంచీ మీద కూర్చున్నాము. ఆ తరువాత ఒకే తాడుకు కట్టుకొన్నాము. పర్వతారోహణలో ఒక తాడుకు ఇద్దరు కట్టుకొన్న తరువాత ఒకరి కాలు జారితే అది ఇద్దరి సంగతే. అందుచేత ఇందులోని మంచిచెడ్డలలో ఏది ఎవరిదో విడదీసి వ్రాయము. చదువరులు క్షమించాలి.

మా మొదటి పాఠశాల ఓర్వకల్లు రాళ్ళు. కర్నూలు నుండి నంద్యాల వైపు పోయే దారిలో, సుమారు 20 కిలోమీటర్ల దూరాన ఉన్న ఆ శిలలను నేడు రాక్ గార్డెన్ అని పిలిచి టిక్కెట్టు పెట్టి చూపుతున్నారు. ఎన్.సి.సి. వారితో ఒక ఆదివారం అక్కడికి వెళ్ళి, చెప్పులు విడిచి ఒక బండ ఎక్కి, దిగలేక గంటసేపు పైనే కూర్చున్నాము. ఎక్కడం ఎవరికైనా వస్తుందనీ, దిగడమే నేర్చుకోవలసిన విద్య అనీ ఆనాడే తెలిసింది. ఇంటికి వచ్చి చెప్పితే కడపలోని తల్లిగారు, “ఎక్కిన కొండ దిగాల్సిందే గదా, మల్ల ఎక్కేదెందుకురా?” అన్నారు. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్నకు ఇంతకన్న బలమైన ప్రశ్నను మేము వినలేదు. జవాబు కూడ దొరకలేదు.

పర్వతారోహణ శిక్షకుడు కాదలచినవానికి మన దేశంలో దారి స్పష్టంగానే ఉన్నది. ఎవరెస్టు విజయం 1953లో లభించగా, మరుసటి యేడు 1954లో డార్జిలింగులో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ వెలసింది. మనాలిలోని సంస్థ 1961లో, ఉత్తరకాశిలోని నెహ్రూ సంస్థ 1965లో వచ్చాయి. వీటిలో ఏదో ఒకదానిలో సుమారు 4 వారాల ప్రాథమిక శిక్షణ పొందాలి. అందులో ‘ఎ’ శ్రేణి వచ్చినవారికే ఉన్నత శిక్షణలో ప్రవేశం. అందులోనూ ‘ఎ’ తెచ్చుకొని, శిక్షకుడుగా పనికివస్తాడని పెద్దలు వ్రాసి ఇస్తే, బోధనాపద్ధతుల శిక్షణకు పిలుపు వస్తుంది. కాగితం మీద మూడే మెట్లు. మాకు 5 సంవత్సరాలు పట్టింది.

ఎందుకంటే మొదటి మెట్టు మీదనే మాలో ఒకరికి ‘బి’ వచ్చింది. కారణం మరెవరో కాదు, మా అజాగ్రత్తే. 20 కిలోల బస్తా వీపున వేసికొని నడవడం కర్నూలు ఎండలో సాధన చేశాము గాని, సముద్రమట్టానికి 300 మీటర్లయినా ఎత్తులేని ఊరినుండి పోయినవారికి అక్కడి గాలి పలుచదనం వేరు సంగతి. చిన్న దగ్గును దాచుకొన్నాము. ఐదవ రోజుకు అది దాగలేదు. అనారోగ్యం దాచినవాడు తన తాడులోని మిగతావారి ప్రాణాలను కూడ పందెం పెట్టినట్లేనని అక్కడి శిక్షకుడు అందరి ముందు చెప్పాడు. ‘బి’ వచ్చినవారు మరుసటి యేడు మళ్ళీ ఫీజు కట్టి మొదటి నుండి చేశారు. ‘ఎ’ వచ్చినవారు ఆ యేడంతా కర్నూలులో ఒక మందుల దుకాణంలో లెక్కలు వ్రాస్తూ ఎదురుచూశారు. ముందుకు పొమ్మని అన్నామా, ఆగమని అడిగామా అన్నది మా ఇద్దరికీ ఇప్పుడు సరిగా జ్ఞాపకం లేదు.

భాష విషయం ఒకటి చెప్పాలి. మన రాయలసీమ ఉర్దూ అక్కడ మాకు బాగా అక్కరకు వచ్చింది. కొంత నవ్వులపాలు కూడ చేసింది. టీ కావాలా అని శిక్షకుడు అడిగితే “నక్కో” అన్నాము. గుడారమంతా ఘొల్లుమంది. నాటి నుండి శిక్షణ ముగిసేవరకు మా పేరు నక్కో. అక్కడి శిక్షకులలో సైన్యం నుండి వచ్చినవారిని ‘ఉస్తాద్’ అని పిలిచేవాళ్ళం. ఆ మాట మాకు కొత్త కాదు. సైకిలు బాగుచేసేవాడు ఉస్తాద్, తాలీంఖానాలో కుస్తీ నేర్పేవాడు ఉస్తాద్. ఉర్దూలో తాలీం అంటే చదువు. మన పాతబస్తీలో తాలీంఖానా అంటే గోదాలో మన్ను పూసికొని పట్లు నేర్చుకొనే చోటు. చదువుకు, ఒడలికి మధ్య మన పెద్దలు పెద్ద గోడ కట్టలేదని మంచు మీద నిలబడి తెలిసికొన్నాము.

ఆ మంచు మీదనే స్కీయింగ్ నేర్చుకొన్నాము. దానిని గూర్చి కొంత విపులంగా వ్రాస్తాము. ఎందుకంటే బోధన అంటే ఏమిటో మాకు మొదట తెలిసింది స్కీ శిక్షకులను చూచే.

మనాలికి పైన సోలంగ్ లోయ ఉన్నది. ఎత్తు సుమారు 2,500 మీటర్లు. జనవరి నుండి మార్చి వరకు అక్కడి పచ్చిక వాలు అంతా మంచు. కాళ్ళకు రాతివంటి ప్లాస్టిక్ బూట్లు తొడిగి, మనిషి పొడవు ఉండే రెండు పలకలను వాటికి బిగిస్తారు. మొదటి రోజు పాఠం పడడం. అవును, పడడమే. ముందుకు గాని వెనుకకు గాని పడక, పక్కకు, కొండ వైపుకు ఒరిగి పడాలి. ఆ తరువాత లేవడం. పలకలు వాలుకు అడ్డంగా ఉంటే లేవగలము. వాలు వెంబడి ఉంటే లేవబోయినప్పుడల్లా అవి జారిపోతాయి. నీటి బిందెను ఒంపితే నీళ్ళు ఏ దారిన పారుతాయో దానిని వారు ‘ఫాల్ లైన్’ అంటారు. స్కీ విద్య అంతా ఆ గీతకు ఎంత అడ్డంగా నిలుస్తావు, ఎంత లొంగుతావు అన్నదే. రెండవ రోజు పలకల ముందు కొసలను దగ్గరకు చేర్చి, వెనుక కొసలను విడదీసి, నాగలి ఆకారంలో పెట్టి మెల్లగా దిగడం. ఎడమకు తిరగాలంటే కుడి పలక మీద బరువు మోపాలి. ఇది మావాళ్ళెవరికీ ఎక్కలేదు. మాకు మాత్రం ఎద్దులబండి గుర్తుకు వచ్చి వెంటనే అర్థమైంది. మలుపులో బయటి ఎద్దే ఎక్కువ నడవాలి గదా!

ఈ క్రమాన్ని ఒక పద్ధతిగా కూర్చినవాడు ఆస్ట్రియా దేశపు పల్లెటూరివాడు హాన్నెస్ ష్నైడర్. 1907లో సాంక్ట్ ఆంటన్ అనే ఊరిలో శిక్షకుడుగా చేరి, విద్యార్థులను వారి వారి స్థాయిని బట్టి తరగతులుగా విడదీసి, నాగలి పట్టుతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పైకి తీసికొనిపోయే పద్ధతిని స్థిరపరచాడు. ఆ ప్రాంతం పేరు మీద దానిని ఆర్ల్‌బర్గ్ పద్ధతి అంటారు. 1938లో నాజీలు అతనిని నిర్బంధించారు. 1939లో అమెరికా చేరి, అక్కడా జీవితాంతం స్కీయింగ్‌కే సేవ చేశాడు. మన దేశంలో ఈ విద్య సైన్యం చేతి మీదుగా వ్యాపించింది. కాశ్మీరు యుద్ధకాలమైన 1948లో గుల్మార్గ్‌లో స్కీ పాఠశాల నెలకొన్నది. నేటి హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్‌కు అదే మూలం.

రెండు శీతకాలాలు మేము ఆ వాలు మీద సహాయకులుగా పనిచేశాము. స్కీ శిక్షకుని ఉద్యోగం దూరం నుండి చూచేవారికి రాజభోగం. ఎండ కళ్ళద్దాలు, రంగు రంగుల కోటు, రయ్యిన దిగడం. దగ్గర నుండి చెప్తాము. తెల్లవారక ముందే లేచి, రాత్రి గడ్డకట్టిన బూట్లను పొయ్యి దగ్గర మెత్తబరచాలి. పలకల అడుగున మైనం రాయాలి. ప్రతివాని బరువు, నేర్పు చూచి బూటు ఊడే మరను సరిచేయాలి. అది మరీ బిగువైతే పడ్డప్పుడు ఊడక మోకాలు తిరిగిపోతుంది, మరీ వదులైతే ఊరకే ఊడి మనిషి పడతాడు. ఇరవై మంది వాలు మీద ఉంటే పదిహేనుగురు ఒక్కసారే పడి ఉంటారు. లేపాలి. మళ్ళీ లేపాలి. రోజంతా పని చేసినా శిక్షకుడు తన వేగంతో ఒక్కసారైనా దిగడు. నేర్చుకొనేవాని ముందు వెనుకకు తిరిగి, వాని కళ్ళలోకి చూస్తూ, నత్తలాగ దిగుతాడు. సాయంకాలం అందరికన్న చివర దిగి తలలు లెక్కపెడతాడు. సోలంగ్ పక్క పల్లెల యువకులు ఈ పని చేస్తారు. నడక వచ్చిన నాటి నుండి మంచు మీద జారినవారు. మా కంటికి పక్షుల్లాగ దిగగలిగినవారు. వారిలో ఒకనిని, ఇంత వచ్చి ఇంత మెల్లగా దిగడం కష్టంగా లేదా అని అడిగాము. అందరూ బసకు పోయిన తరువాత చీకటి పడేలోగా ఒక్కసారి తన కోసం దిగుతానన్నాడు. ఆ సాయంకాలం ఆగి చూచాము. ఒకటిన్నర నిమిషం. అదే అతని రోజుకూలిలో అసలు భాగమని మాకు అనిపించింది.

బోధనాపద్ధతుల శిక్షణ సుమారు మూడు వారాలు. అక్కడ మేము ఎంత బాగా ఎక్కుతామో ఎవరూ చూడలేదు. తలా ఒక పాఠం ఇచ్చి, తోటి అభ్యర్థులనే విద్యార్థులుగా కూర్చోబెట్టి చెప్పించారు. మాకు వచ్చినది ‘తాడు సంరక్షణ’. నలభై నిమిషాల పాఠాన్ని పన్నెండు నిమిషాలలో ముగించి నిలబడ్డాము. పరీక్షకుడు, “మీకు తెలిసినదంతా చెప్పారు, వారికి తెలిసినదేమిటో అడిగారా?” అన్నాడు. మరునాడు మళ్ళీ చెప్పించాడు.

ఆపైన ఇంటికి వచ్చాము. మంచులో కుదురుకొన్నవారు మళ్ళీ ఎండలోకి ఎందుకు వచ్చారని చాలమంది అడిగారు. మంచు మా భాష కాదు. రాయి మా భాష. 1872లో విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతపు శిలలను గూర్చి పెద్ద గ్రంథం వ్రాసి వాటికి కడప, కర్నూలు శిలలని పేర్లు స్థిరపరచాడు. నేటికీ ప్రపంచంలో ఎక్కడ చదివినా వాటి పేర్లు అవే. కడప శిలలు పాతవి, కర్నూలు శిలలు వాటి మీద తరువాత పేరుకొన్నవి. కడపవారు పెద్దరికం చెప్పుకొనడానికి, కర్నూలువారు నెత్తిన కూర్చున్నామనడానికి ఇద్దరికీ వీలున్నది. మాలో ఈ తగవు ఇంకా తెగలేదు.

జమ్మలమడుగుకు 15 కిలోమీటర్ల దూరాన గండికోట. ఎర్రమల కొండలను కోసికొని పెన్న పారిన ఆ గండిని చూడడానికి ఇప్పుడు దేశం నలుమూలల నుండి వస్తున్నారు. కోటలో మాధవరాయని గుడి, జామియా మసీదు చూచి, గండి అంచున నిలబడి ఫోటో దిగి పోతారు. వారికి అది దృశ్యం. మాకు అది బడి. అక్కడి క్వార్జైట్ రాయి అడ్డపొరలుగా, పుస్తకాలు పేర్చినట్లు ఉంటుంది. వేలికి పట్టు దొరుకుతుంది. కాని దొరికిన ప్రతి పట్టూ నమ్మదగినది కాదు. పొర వెనుక పగులు ఉంటే రాతిముక్క అరచేతిలోకి ఊడివస్తుంది.

రాయిని చదవడం మాకు హిమాలయాలలో రాలేదు. బేతంచెర్ల వైపు బండల గనిలో పనిచేసిన ఒక వృద్ధుడు నేర్పాడు. ఆయన సుత్తితో తట్టి చెవి ఆనించేవాడు. “గట్టి బండ కంచులాగ మోగుతాది, పగిలిన బండ కుండలాగ పలుకుతాది” అనేవాడు. అంతే ఆయన పాఠం. ఇప్పుడు ప్రతి శిబిరం మొదటి ఉదయం విద్యార్థుల చేత మేము చేయించే మొదటి పని అదే, అరగంటసేపు రాళ్ళు తట్టి వినడం. కొందరు నవ్వుతారు. నవ్వనిస్తాము.

పని కాలం కార్తికం నుండి మాఘం వరకు, అదీ ఉదయం వేళ. మార్చి వచ్చిందంటే తొమ్మిదిన్నరకే రాయి పెనంలా కాలుతుంది, చెమటకు వేళ్ళు జారుతాయి. చలికాలంలో మరొక గండం పెద్ద తేనెటీగలు. అంచు కింద తుట్టె కనబడితే ఎంత మంచి దారి అయినా ఆనాటికి వదలవలసిందే. అక్కడ ధైర్యం ప్రదర్శించినవానికి మా శిబిరంలో మళ్ళీ చోటు లేదు.

ఇక కింది కొస సంగతి. పైన గట్టి బండకు లంగరు వేసి, దానిలో తాడు వేలాడదీస్తాము. ఒక కొస ఎక్కేవాని నడుముకు. రెండవ కొస కింద నిలబడిన శిక్షకుని నడుము వద్ద ఉన్న లోహపు పట్టులో. బావి గిలకను ఊహించుకొంటే చాలు. బొక్కెన స్థానంలో విద్యార్థి ఉంటాడు, చేదేవాని స్థానంలో మేము ఉంటాము. వాడు ఎక్కిన కొద్దీ వదులును లాగుకొంటూ ఉండాలి. వాడు జారితే తాడు బిగబట్టాలి. దీనినే బిలే అంటారు. మెడ నొప్పి ఈ వృత్తివారి ఆస్తి. రోజుకు నాలుగు గంటలు తల ఎత్తి ఇతరుల మడమలు చూడడమే పని. మేము స్వయంగా ఎక్కేది, లంగరు వేయడానికి తెల్లవారుజామున ఒకసారి, విప్పడానికి చివర ఒకసారి.

తెలుగునాట ఈ విద్యకు పేరు తెచ్చినవారిని అందరూ ఎరుగుదురు. నెల్లూరు జిల్లాలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజులలో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కాడు, 2015లో ఆండీస్ పర్వతాలలో ప్రాణం విడిచాడు. నిజామాబాదు జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 14 ఏళ్ళయినా నిండకుండ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్‌తో కలిసి 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలిచింది. ఆ పిల్లలు మొదట చేయి పెట్టిన రాయి భువనగిరి గుట్ట. అక్కడ వారి తాడు కింది కొసను పట్టి నేర్పిన శేఖర్ బాబు పేరు ఎందరికి తెలుసు? టెన్సింగ్ నార్గే సంగతి కూడ అంతే. ఎవరెస్టు మీద ఆయన నిలిచినది కొద్ది నిమిషాలు. డార్జిలింగులో శిక్షకుడుగా నిలిచినది ఇరవై ఏళ్ళకు పైగా.

పూర్ణ పేరు మాకు చాల పనికివచ్చింది. ఆ పిల్ల కథ పత్రికలలో వచ్చిన తరువాతనే ఆడపిల్లల తండ్రులు మా మాట వినసాగారు. అయినా అభ్యంతరాలు ఉన్నాయి, అవి న్యాయమైనవే. నడుముకు, తొడలకు బిగించే పటకాలను మగ శిక్షకుడు బిగించడం ఏమిటని ఒక తల్లి అడిగింది. నిజమే గదా. నాటి నుండి బాలికల శిబిరంలో మేము ఒక బొమ్మకు కట్టి చూపుతాము. వారు తమకు తాము కట్టుకొని, జంటలుగా ఒకరినొకరు తనిఖీ చేసికొంటారు. ముందు శిబిరాలలో ఆరితేరిన విద్యార్థిని ఒకామె అందరినీ మళ్ళీ చూస్తుంది. శిరస్త్రాణం కింద పలుచని స్కార్ఫ్ ఉండవచ్చును, గుండుసూదులు మాత్రం తీయాలి. దుపట్టా కొస గాని జడ గాని బిలే పట్టులో చిక్కితే ప్రమాదం, గనుక లోపలికి దోపుకోవాలి. ఇవన్నీ పది నిమిషాల మాటలు. ఈ పది నిమిషాలు ఎవరూ మాట్లాడక ఎందరు ఆడపిల్లలు గుట్ట కిందనే కూర్చుండిపోయారో!

ఇంతవరకు వ్రాసినది వేదిక మీద కూడ చెప్పగలిగినదే. ఇక మీదటిది ఇంతవరకు బహిరంగంగా ఎక్కడా చెప్పలేదు.

ఏ గుట్టో, ఏ కళాశాల శిబిరమో అనవసరం. నలభై మంది విద్యార్థులు, మేము ఇద్దరము. తాడును నడుముకు కట్టే ముడి ఎనిమిది అంకె ఆకారంలో ఉంటుంది. మొదట తాడు మీద ఒక ఎనిమిది వేసి, కొసను నడుము పటకాలలో దూర్చి, వచ్చిన దారినే మళ్ళీ అల్లుకొంటూ పోవాలి. ఒక కుర్రవాడు సగం ముడి వేసి, కొస దూర్చి, అంతలో స్నేహితుడు పిలువగా వానితో మాట్లాడి, మిగతా సగం మరచిపోయాడు. మరపు ఎవరికైనా వస్తుంది. 1989లో ఫ్రాన్సులో లిన్ హిల్ అంతటి ఆరోహకురాలు ముడి ముగించడం మరచి 70 అడుగులకు పైగా పడి, చెట్టు కొమ్మలు అడ్డుపడి బ్రతికింది. అందుకే కదా శిక్షకుడనేవాడు ఉన్నది. ఆ ఉదయం మాలో ఒకరు తాడు పట్టుకొని, చూడకుండానే ఎక్కమన్నారు. మరొకరు హాజరు పట్టిక వ్రాస్తున్నారు.

పన్నెండు అడుగుల ఎత్తుకు పోయిన తరువాత చూచాము. మేము వదులు లాగుకొన్న కొద్దీ వాని నడుము దగ్గర వేలాడుతున్న తాడు కొస పొట్టిదవుతున్నది. మా చేతులతో మేమే వాని ప్రాణాన్ని పటకాలలో నుండి ఊడలాగుతున్నామని అర్థమైంది. జానెడు మిగిలింది. చేతులు ఆగిపోయాయి. కింద రాళ్ళు.

అరిస్తే వాడు కిందికి చూస్తాడు. చూస్తే వణుకుతాడు. అందుచేత, “కదలకు నాయనా, అట్లే నిలువు, మంచి ఫోటో వస్తుంది” అన్నాము. వాడు చెంపను రాతికి ఆనించి నవ్వుతూ నిలబడ్డాడు. పట్టిక పారవేసి పక్క పగులు వెంబడి తాడు లేకుండ ఎక్కి, వాని పక్కన మెట్టు మీద కాలు పెట్టి, “నీ ముడి కొంచెం అందంగా కడతా, ఫోటోకు బాగుంటుంది” అంటూ ముడి ముగించడానికి రెండు నిమిషాలు పట్టిందేమో. ఆ తరువాత వాడు పైదాకా ఎక్కి, చేతులూపి, దిగాడు. చప్పట్లు కొట్టారు.

మేము ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి గుడారంలో మా ఇద్దరి మధ్య కూడ మాట లేదు. చివరి రోజున వాని తండ్రి, లారీ డ్రైవరు, మిఠాయి పెట్టె తెచ్చి మా చేతిలో పెట్టి, “బిడ్డకు ధైర్యం నేర్పినారు” అన్నాడు. తీసికొన్నాము. తిన్నాము కూడ.

నెల తరువాత ఆ కుర్రవాడు ఫోను చేశాడు. “సార్, ఆ ఫోటో పంపనేలేదు.” వెతుకుతున్నామన్నాము. మరొక పక్షానికి మళ్ళీ చేశాడు. అమ్మ చూడాలంటున్నదట. లేని ఫోటోను ఎక్కడ నుండి తేగలము? ఆ ఆదివారం ఇద్దరము వారి ఇంటికి వెళ్ళి, తండ్రినీ కొడుకునూ కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పాము.

కుర్రవాడు మొదట నవ్వాడు, తరువాత తండ్రి ముఖం చూచి నవ్వు మానాడు. ఆయన తిట్టలేదు. ఆ ముడి కట్టి చూపమన్నాడు. వారి వంటింటి తలుపు గడియకు సగం ముడి ఒకటి, పూర్తి ముడి ఒకటి కట్టి చూపాము. ఆయన రెండింటినీ లాగి చూచాడు. సగం ముడి జర్రున ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. చాలసేపు ఆ కొసను చూస్తూ కూర్చున్నాడు. పిమ్మట అన్నాడు: “మేం లోడుకు తాడు బిగిస్తే, బిగించినోడు సూడడు సార్. వాని కంటికి అంతా బాగానే ఉంటాది. ఇంకొకడు సూస్తాడు. మీరు ఇద్దరుండారు గదా. ఇద్దరూ ఏం జేస్తాండారు?”

టీ ఇచ్చారు, తాగి వచ్చాము. ఆ అబ్బాయిని ఆయన మళ్ళీ మా శిబిరానికి పంపలేదు.

ఆ తరువాత మా పద్ధతి మారింది. కట్టినవాడు చూస్తాడు, వాని జతగాడు చూస్తాడు, తాడు పట్టినవారు చేతితో తడిమి చూస్తారు. మాలో రెండవవారు దూరం నుండి ‘సరే’ అనేవరకు కాలు నేల విడువరాదు. హాజరు పట్టిక రాత్రి వ్రాసుకొంటాము. నలభై మందిని తీసికొనడం మానివేశాము. ఒక్కసారికి పన్నెండుగురు. దానితో రాబడి మూడవ వంతుకు పడిపోయింది. మా ఉద్యోగమేమిటని అడిగిన విద్యార్థి మిత్రుడు ఇది కూడ తెలిసికొనాలి. ఇందులో నెల జీతం లేదు, పింఛను లేదు. శిబిరం ఉన్న రోజుకే కూలి. మిగతా కాలం ఒకరు ట్యూషన్లు చెప్తారు, మరొకరు ఎత్తైన కట్టడాల మీద తాడుకు వేలాడి రంగులు వేసేవారికి రక్షణ పనులు చూస్తారు. పెళ్ళిచూపులలో పిల్లవాడేం చేస్తాడని అడిగితే మా పెద్దలు మొదట దగ్గేవారు.

కళాశాల పాలకవర్గం పెద్దలకు ఒక విన్నపం కూడ ఉన్నది. వచ్చే యేడు మన విద్యార్థులను శిబిరానికి పంపదలచితే, శిక్షకుల సర్టిఫికెట్లు చూడండి, మంచిదే. దానితోపాటు ఒక తాడుకు ఎందరు పిల్లలు, ముడిని రెండవసారి చూచేవారెవరు అని కూడ అడగండి. మమ్ములనైనా సరే అడగండి.

ప్రతి తాడుకు మేము ఒక పుస్తకం పెడతాము. కొన్న తేదీ, వాడిన రోజులు, జారినవారి లెక్క అందులో ఉంటాయి. కాలం తీరిన తాడును మళ్ళీ ఎవరూ ఎక్కడానికి వాడకుండ ముక్కలు చేస్తాము. ఆనాటి తాడు కాలం కూడ కిందటి ఫాల్గుణంలో తీరింది. గండికోట దగ్గర మేకలు కాచే ముసలాయన చాల రోజులుగా అడుగుతుంటే బారెడు బారెడు ముక్కలు కోసి ఇచ్చాము. ఇప్పుడు ఆయన మేకపోతులు ఆ ఎర్రచుక్కల తాడుకు కట్టి ఉంటాయి. కొస ముక్క ఒకటి మా సంచిలో ఉంచుకొన్నాము. సోమవారం కొత్త జట్టు వస్తున్నది, పన్నెండుగురు. ముడి వేయడం ఆ ముక్క మీదనే నేర్పుతాము.